ఫారం చివర మా ఆయన నంబరు

"నువ్వడిగితే చెబుతారు డెల్ఫీనా, నేనడిగితే తడబడతారు. ఆడవాళ్ళ సంగతి నువ్వే చూసుకో," అన్నాడు మా ఆయన ఎవరార్దో, దుకాణం తెరిచిన మొదటి నవంబరులో. మెచ్చుకున్నాడని మురిసిపోయాను. అది మెప్పు కాదు, జీతం లేని ఉద్యోగమని తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో జనానికి ఆరోగ్య బీమా నమోదు చేయించడం మా వ్యాపారం. లైసెన్సు ఆయనది, గోడ మీద ఫొటో ఆయనది, ప్రతి ఫారం చివర ఏజెంటు నంబరు ఆయనది, ఆ నంబరు మీదొచ్చే కమీషనూ ఆయనదే. పొద్దున్నే తాళం తీసి, ఊడ్చి, కాఫీ కాచి, తీపి రొట్టెలు పళ్ళెంలో సర్ది, వచ్చినవాళ్ళ చేత నోరు విప్పించేది నేను. టెక్సాస్ సరిహద్దులో ఆదివారం సంతలో చెప్పులమ్మిన తల్లి కూతుర్ని. మనిషి అడుగు చూసి, కొనే రకమో వట్టి బేరం చేసే రకమో చెప్పగలను. బీమా ఫారానికీ ఆ విద్యే కావాలి. ఇంట్లో ఎంతమంది, ఎవరి సంపాదనెంత, పెళ్ళయిందా, ఇవే ప్రశ్నలు. మగవాళ్ళు నిమిషంలో చెప్పేసి లేస్తారు. ఆడదాన్ని అడిగితే బతుకంతా బల్ల మీదికొస్తుంది. మొగుడి జీతమెంతో తెలియనిది, తన జీతం తన చేతికి రానిది, ఆయన్ని ఇంట్లో మనిషిగా లెక్కెయ్యాలో వద్దో తెలియనిది. చాలామంది ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "మా ఆయనకి తెలియనివ్వకు" అని వెళ్ళేవాళ్ళు. ఓసారి నాకూ జీతం కావాలన్నాను. "కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేదానికి జీతం కూడానా?" అని మా అత్తగారు పడీపడీ నవ్వింది. ఆయన కూడా నవ్వాడు.

డిసెంబరు పదిహేనున మధ్యాహ్నం ఓబ్దూలియా వచ్చింది. జనవరి ఒకటి నుంచి బీమా కావాలంటే అదే ఆఖరు రోజు. గుమ్మంలోనే ఆగింది.

"కొంపాద్రే ఉన్నాడా?"

"లోపల ఫోన్లో ఉన్నాడులే. రా, కాఫీ తాగు."

ఆమె భర్త నసారియో మా రెండోవాడికి బాప్తిస్మం నాడు జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. మా వాళ్ళలో ఆ బంధం కలిస్తే రెండిళ్ళవాళ్ళూ మగవాణ్ణి కొంపాద్రే అనీ, ఆడదాన్ని కొమాద్రే అనీ పిలుచుకుంటారు. తోడబుట్టినవాడికి లేదన్నా పర్వాలేదు, కొంపాద్రేకి అనకూడదు.

"రొమ్ములో గడ్డ తగిలింది కొమాద్రే," అంది కప్పులోకి చూస్తూ. "ధర్మాసుపత్రిలో చూశారు. పరీక్ష వెంటనే చేయించాలట. బీమా లేకపోతే నావల్ల కాదు. ఆయన దగ్గర్నుంచి వచ్చేసి మూడు వారాలైంది. పక్కటెముక విరిగాక వచ్చేశాను. ఎక్కడుంటున్నానో మాత్రం అడక్కు."

చిరునామా గడి ఖాళీగా వదిలి, పెళ్ళి ప్రశ్న దగ్గరికొచ్చాను. పెళ్ళయినవాళ్ళకి ప్రభుత్వ సాయం రావాలంటే మొగుడూ పెళ్ళాం కలిసి పన్ను లెక్క చూపాలి. నసారియో సంతకం పెట్టడు. కానీ మొగుడు కొడితే వచ్చేసిన ఆడది 'పెళ్ళి కాలేదు' అని రాసుకోవచ్చు. సాక్ష్యాలడగరు. ఆ ప్రశ్న కింద చిన్న అక్షరాలతో ఆ మాటే ఉంది.

"అబద్ధం కాదూ? చర్చిలో దేవుడి ముందు చేసుకున్నాను."

"దేవుణ్ణి ఈ ఫారంలో అడగలేదు."

పక్కటెముక పట్టుకుని నవ్వింది. అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది.

"పెళ్ళి కాలేదని రాయిస్తున్నావా?" అన్నాడు ఎవరార్దో. "రేపట్నుంచి ఊళ్ళో ఆడవాళ్ళంతా మొగుడు కొట్టాడని వచ్చి వరసలో నిలబడతారు." తర్వాత ఆమె వైపు తిరిగి నవ్వాడు. "కంగారుపడకు కొమాద్రే. కొంపాద్రేకి ఇప్పుడే ఫోన్ చేశాను. పాపం, నువ్వెక్కడున్నావో తెలియక తిండి కూడా మానేశాట్ట. ఇరవై నిమిషాల్లో వస్తాడు. జీతం కాగితాలు తెమ్మన్నాను. ఇద్దరికీ కలిపి మంచి పాలసీ చూస్తాను."

కాపరం నిలబెట్టాననీ, బేరం కూడా కుదిర్చాననీ ఆ మొహంలో తృప్తి. ఎదురెళ్ళి తీసుకొస్తానంటూ బయటికి నడిచాడు. ఇన్నేళ్ళూ ఈ గదిలో ఆడవాళ్ళు నాకు చెప్పుకున్నదంతా ఆ పల్చటి తలుపు వెనక ఆయన వింటూనే ఉన్నాడు. నమ్మకం నాది, సరుకు ఆయనది. ఎందరి విషయాలు ఎందరు కొంపాద్రేలకి చేరాయో.

ఓబ్దూలియా లేచి నిలబడింది. కప్పు బోర్లాపడి కాఫీ బల్లంతా పారింది. చెయ్యి పట్టుకున్నాను.

"ఇప్పుడు పోతే బీమా నెల వెనక్కి పోతుంది. గడ్డ ఆగదు. నీ ఫోనియ్యి."

మా కంప్యూటర్లో నింపితే ఆయన నంబరు దానంతటదే పడుతుంది. నంబరు పడితే ఆమె చిరునామా ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూస్తాడు. సగం నింపింది చెరిపేసి, ఆమె ఫోన్లో, ఆమె పేరుతోనే మొదటినుంచి మొదలుపెట్టాం. పెళ్ళి గడిలో 'కాలేదు' అని ఆమే వేలు పెట్టి నొక్కింది. చిరునామా రాసేటప్పుడు నేను మొహం తిప్పుకున్నాను. ఏజెంటు నంబరు దగ్గర ఏమీ రాయలేదు. ఫారం అందిందన్న మాట తెర మీద పడగానే వెనక తలుపులోంచి పక్క లాండ్రీలోకి పంపేశాను.

రెండు నిమిషాల తర్వాత ఎవరార్దో వెంట నసారియో వచ్చాడు. తెల్ల టోపీ, ఇస్త్రీ చొక్కా.

"ఏదీ మా ఆవిడ?"

ఎవరార్దో కంప్యూటరు తిప్పి చూశాడు. "ఫారమేది? అడ్రసేం రాశావు?"

"తెలియదు."

"తెలియదా? మతుండే మాట్లాడుతున్నావా? కొంపాద్రే ముందు నా పరువు తీశావు! పో, ముందా బల్ల తుడిచి, కాఫీ పెట్టు."

బల్ల మీద కాఫీ ఇంకా నేలకి కారుతూనే ఉంది. తుడవలేదు. ఫోన్ నంబర్ల పుస్తకం చంకలో పెట్టుకుని బయటికొచ్చి, ట్రక్కులో కూర్చుని తలుపులు బిగించుకున్నాను. ఏం పోతుందో నాకు తెలుసు. ఒక్కో నంబరు ఊడినకొద్దీ మా ఇంటి రాబడి తగ్గుతుంది. పిల్లవాడి పళ్ళకి వేయించిన కమ్మీల వాయిదాలు ఇందులోంచే, ఈ ట్రక్కు వాయిదాలూ ఇందులోంచే. నా కంచంలో కూడు నేనే తీసేసుకుంటున్నాను. 'మా ఆయనకి తెలియనివ్వకు' అన్నవాళ్ళు ముప్పై ఏడుగురు. ఎవరెవరో ఎక్కడా రాసుకోలేదు. ఒక్కరినీ మరిచిపోలేదు కూడా.

మొదటి నంబరు నొక్కాను.

"డోన్యా ఎవులాలియా, నేను డెల్ఫీనాని. ఆయన పక్కన లేడుగా? అయితే పెన్ను తీసుకోండి. బీమా వాళ్ళ ఆఫీసు నంబరు చెబుతాను. వాళ్ళకి ఫోన్ చేసి, మీ ఫారం మీంచి ఏజెంటుని తీసెయ్యమనండి. ఏజెంటు పేరడుగుతారు. మా ఆయన పేరు చెప్పండి."