అత్తగారు తిన్నాక

మస్తూరా భారీ మనిషి. పెళ్లిళ్లలో ఆమె కూర్చుంటే పక్కన ఇంకో ఇద్దరికి చోటుండదని మర్గిలాన్ ఊరి ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. కోడలు జుమ్రద్ మాత్రం, చంటిపిల్లాడి తల్లైనా, చీపురుపుల్ల. వంటింట్లో గ్యాస్ బండ పేలి అత్తాకోడళ్లిద్దరూ ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద పడ్డప్పుడు, చూడవచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట. పెద్దావిడకి ఒంట్లో నిల్వ ఉంది, తట్టుకుంటుంది, ఎటొచ్చీ ఆ పిల్లే, పాపం.

మస్తూరా కూతురు రోబియా కూడా అలాగే అనుకుంది. తల్లి గట్టెక్కాలని దేవుణ్ణి వేడుకుంది. మరదలి కోసం వేడుకోవాలన్న సంగతి కాసేపటికి గాని గుర్తు రాలేదు. గుర్తొచ్చాక సిగ్గుపడింది.

డాక్టర్ దిల్‌బర్ ఆ భ్రమ కాస్తా వదలగొట్టింది.

"కొవ్వు కాపాడుతుందని ఎవరు చెప్పారమ్మా మీకు? ఆ బరువు మోసీ మోసీ మీ అమ్మ గుండె ముందే అలిసిపోయింది. షుగరుంది. పైగా పొగ మింగింది, గొంతంతా పుండు. ఇక ఆ పిల్ల సంగతంటావా, కాలిన ఒళ్లు పొయ్యి లాంటిది. తిండి వెయ్యకపోతే సొంత కండనే తినేస్తుంది. దాని దగ్గర కండేది? వచ్చినప్పుడు నలభై ఆరు కిలోలు, ఇప్పుడు నలభై ఒకటి. ఇంకా తగ్గితే కొత్త చర్మం వేసినా అతుక్కోదు. నువ్వేం చేస్తావో నాకు తెలీదు, తినిపించు."

తినిపించడమే పెద్ద తలనొప్పి అయింది. రోబియా చెంచా నోటిదాకా తీసుకెళ్లడం ఆలస్యం, జుమ్రద్ పెదాలు బిగించేసేది.

"అత్తయ్య తిన్నారా వదినా?"

అక్కడ కోడళ్లకి అది పద్ధతి. అత్త నోట్లో ముద్ద పడ్డాకే కోడలు తినాలి. కాపురానికొచ్చిన మర్నాడే మస్తూరా దగ్గరుండి నేర్పిన పాఠం అది, ఇప్పుడు జ్వరంలో కూడా ఆ పిల్లని వదల్లేదు. ముక్కులో గొట్టం వేస్తే మైకంలో పీకేసింది. వేరే గదికి మారుద్దామంటే కాలినవాళ్లకి అక్కడ ఉన్నది ఆ ఒక్క గదే. మధ్యలో తెర కట్టారు. తెర అవతలినుంచి కూడా అదే ప్రశ్న.

మస్తూరాకి గుటక పడదు. నోట్లో చుక్క కూడా పోయకూడదని డాక్టర్ హెచ్చరించింది. మనిషి సెలైన్ మీదే ఉంది. కోడలి ప్రశ్న రెండు మూడు పూటలు విని, ఆమె కూతుర్ని దగ్గరకి రమ్మని సైగ చేసింది.

"ఆ గిన్నె ఇటు తే."

"నువ్వు మింగకూడదమ్మా."

"మింగుతానన్నానా? చెంచాతో గిన్నెని కొట్టు. అటు వినపడాలి."

రోబియా కొట్టింది. మస్తూరా ఊపిరి కూడగట్టుకుని గొంతు లేపింది.

"ఇది షూర్వానా, కుడితా? ఉప్పెక్కడే ఇందులో? ఏయ్ జుమ్రద్, నా తిండి అయింది, నువ్వు కానియ్. నువ్వు తినక పడిపోతే, నీ కొడుక్కి పాలిమ్మంటే నావల్ల కాదు."

తెర అవతల చిన్న నవ్వు వినిపించింది. ఆ పూట మాంసం షూర్వా అడుగుదాకా ఖాళీ అయింది.

అప్పట్నుంచి పూటపూటకీ అదే నాటకం. చెంచా చప్పుడు, ఆ వెనకే ఉప్పు గురించి తిట్లు. తిట్టాక మస్తూరా చాలాసేపు రొప్పేది. రోబియాకి ఒళ్లు మండిపోయేది. తన తల్లి ఊపిరంతా మరదలి షూర్వా గిన్నెలో పోతోందనిపించేది.

"దానికోసం ఎందుకమ్మా ఇంత ఆయాసం?" అని ఒకసారి అడిగేసింది.

"ఎండుపుల్లలా ఉందని పదిమందిలో దాన్ని ఆడిపోసుకున్నదాన్ని నేనే కదే," అంది మస్తూరా. "నేను తిన్నాక మిగిలిందే దానికి. ఇక ఒళ్లెక్కణ్ణుంచి వస్తుంది?"

జుమ్రద్ బరువు తగ్గడం ఆగింది. మర్నాడు చర్మం వేస్తామని డాక్టర్ చెప్పిన రోజు, మధ్యాహ్నం భోజనాల వేళకి కాస్త ముందు, మస్తూరా గుండె ఆగిపోయింది. పెద్దగా చప్పుడేమీ కాలేదు. డాక్టర్ వచ్చి చూసి, మస్తూరా కనురెప్పలు మూసింది. ఆయాలు బండి తెచ్చారు. రోబియా గుమ్మంలో వాళ్లకి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు తీసుకెళ్తే దానికి తెలిసిపోతుంది," అంది గొంతు తగ్గించి. "తెలిస్తే ముద్ద ముట్టదు. ఈ ఒక్కపూట ఆగండి డాక్టరమ్మా."

డాక్టర్ తెరని ఇంకాస్త దగ్గరగా లాగి, ఆయాల్ని తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

రోబియా గిన్నె పట్టుకుని తల్లి పక్కన కూర్చుంది. తల్లి చేతిలో వెచ్చదనం ఇంకా పోలేదు.

"అత్తయ్య తిన్నారా వదినా?"

రోబియా చెంచాతో గిన్నెని కొట్టింది.

"తింది. పడుకుంది. ఇక నువ్వు తిను."

కళ్లు తుడుచుకుని తెర దాటి వెళ్లింది. జుమ్రద్ ఆమె మొహం వంకే చూస్తూ నోరు తెరిచింది. షూర్వా తాగింది. అందులో నానబెట్టిన రొట్టె తింది. ఎప్పుడూ వద్దనే గుడ్డు కూడా తింది. నములుతూ ఉండగానే కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. కట్లు కట్టిన చేతులతో తుడుచుకోలేకపోయింది. రోబియా తుడిచింది.

"ఇవాళ ఉప్పు గురించి ఎవరూ తిట్టలేదు వదినా," అంది జుమ్రద్.

రోబియా ఖాళీ గిన్నె పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"ఇంకో గిన్నె పొయ్యండి," అంది జుమ్రద్.