రెండో నెగెటివ్

పాత సామాన్ల కొట్టువాడు ఎన్లార్జరును తలకిందులుగా నిలబెట్టి, దాని దీపం డిప్పలో తుప్పుబోల్టులు పోసుకున్నాడు. టచింగు మాస్టారు అది చూసి ఒక్క ఉదుటున వెళ్ళి బోల్టులన్నీ నేలమీద కుమ్మరించేశాడు. కొట్టువాడు కయ్యిమన్నాడు.

"కొంటారా, లేక నా సరుకు పాడుచేసి పోతారా?"

"కొంటాను. లెన్సు విప్పలేదు కదా?"

"విప్పడానికే తెచ్చాను. ఇంతకీ ఇదేంటండీ?"

"ఫొటోలు పెద్దవి చేసే మిషను."

"అంతేనా! ఫోన్లో రెండు వేళ్ళతో అయిపోతుంది కదండీ."

మాస్టారు ఆ మాట పట్టించుకోలేదు. లెన్సును వెలుతురుకు పెట్టి చూశాడు. అంచున బూజు పట్టింది గానీ నడుమ తేటగానే ఉంది. అడిగినంతా ఇచ్చేసి, బస్సులో ఆ ఇనుప కొంగను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పక్కవాడి సణుగుడు భరిస్తూ ఇల్లు చేరాడు.

ఒకప్పుడు స్టూడియోలో ఆయన చేసిన పని పేరే ఆయన పేరైపోయింది. సన్న పెన్సిలుతో, అంతకన్నా సన్నని కత్తిమొనతో నెగెటివ్ మీదే మొహాలకు మెరుగులు దిద్దేవాడు. నెగెటివ్‌లో నలుపూ తెలుపూ తారుమారవుతాయి. ఒంటిమీది తెల్లమచ్చ అక్కడ నల్లగా కనిపిస్తుంది. దాన్ని కత్తితో సుతారంగా గీకితే ఫొటోలో మచ్చ ఉండదు. ఊళ్ళో సగంమందికి పుట్టుకతో వచ్చిన మొహం ఒకటి, మాస్టారు ఇచ్చిన మొహం ఒకటి. వాళ్ళకు రెండోదే నచ్చేది. ఆ పొగడ్తలన్నీ నెత్తిన పెట్టుకుని మహానుభావుడు ముప్ఫయ్యేళ్ళు ఊరేగాడు.

ఇప్పుడు ఎన్లార్జరు కావలసివచ్చింది కూతురి కోసం. ఆ అమ్మాయి పెద్ద బట్టల షాపులో ముందు కౌంటరు దగ్గర పనిచేసేది. ఏడాది కిందట పెదవి మూలన తెల్లమచ్చ లేచింది. మేనేజరు నవ్వుతూనే, ఎంతో మర్యాదగా, ఆమెను వెనక గోడౌనుకు మార్చాడు. ఆరోజు ఇంటికి వచ్చి అన్నం ముట్టకుండా పడుకుంది.

"మీ అమ్మకీ ఉండేదమ్మా. అచ్చం ఇలాగే," అన్నాడు మాస్టారు.

తల్లి పోయేనాటికి ఆ పిల్లకు రెండేళ్ళు. గోడమీది ఫొటో తప్ప తల్లి మొహం తెలియదు.

"కాకమ్మ కబుర్లు చెప్పకు నాన్నా. ఫొటోలో అమ్మ మొహం అద్దంలా ఉంది."

"అది నేను తీసేశాను. షోకేసులో పెడతానని స్టూడియో ఓనరు పట్టుబట్టాడు. ఉద్యోగం మరి, కాదనలేకపోయాను."

"అయితే తియ్యనిది చూపించు."

ఆమె అడిగింది అంతే. అమ్మకూ ఉందని, ఆ మొహంతోనే అమ్మ నలుగురిలో తిరిగిందని ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలు. మళ్ళీ అద్దం ముందు నిలబడగలుగుతుంది.

చూపించడానికి మాస్టారి దగ్గర దారి లేకపోలేదు. స్టూడియోలో ఎవరిదైనా రెండు నెగెటివ్‌లు తీసేవారు. ఒకటి టచింగుకు, రెండోది ముట్టుకోకుండా కవర్లో. భార్య ఫొటోకు తీసిన రెండో నెగెటివ్ బీరువా అడుగున దొరికింది. కంప్యూటరు స్టూడియోకు తీసుకెళితే అక్కడి మనిషి, "మచ్చలూ గిచ్చలూ ఉంటే మిషనే చెరిపేస్తుంది, మీకెందుకు" అన్నాడు. మాస్టారు నెగెటివ్ లాక్కుని వచ్చేశాడు. ఆ కోపంలోనే పాత సామాన్ల కొట్లన్నీ గాలించాడు.

ఆదివారం మధ్యాహ్నం స్నానాలగది కిటికీకి నల్ల దుప్పటి కొట్టారు. బకెట్లు బయటికి, ఎన్లార్జరు లోపలికి. ఎర్రబల్బు వెలుగులో కూతురు ట్రే పట్టుకుంది. మొదటి కాగితం బొగ్గులా నల్లబడింది. రెండోది తెల్లమొహం వేసింది. మూడోదాన్ని మందునీళ్ళలో ఆడిస్తుంటే జుట్టు తేలింది, చెవి తేలింది, కళ్ళు తేలాయి.

"వస్తోంది నాన్నా! అమ్మ వస్తోంది!"

ఏడాదిగా ఆ గొంతులో అంత ఉత్సాహం వినలేదు ఆయన. ముక్కు వచ్చింది. పెదవులు వచ్చాయి. రెండు మూలలూ నున్నగా, వెన్న రాసినట్టు ఉన్నాయి.

"ఇది కూడా టచింగు చేసిందే," అంది కూతురు.

"కాదే. దీన్ని ముట్టుకోలేదు, ఒట్టు."

కాగితాన్ని బొమ్మ చెదరకుండా నిలిపే హైపోలో వేసి, తలుపు తీసి, నెగెటివ్‌ను వెలుతురుకు ఏటవాలుగా పట్టాడు. పెదవికి రెండు మూలలా గీకిన జాడ సన్నగా మెరిసింది. ఒక పక్క మచ్చ తీస్తే రెండో పక్క కూడా కాస్త గీకి సమం చెయ్యడం ఆయన పద్ధతి. ఆ చేతిపని ఆయనదే, ఇంకెవరికీ రాదు.

అప్పుడు గుర్తొచ్చింది. దీనికి ఓనరూ లేడు, షోకేసూ లేదు. మొదటిది అంత బాగా కుదిరిందన్న మురిపెంలో ఎవరూ అడక్కుండానే ఇంట్లో కూర్చుని దీన్నీ గీకాడు. దీపం పట్టుకున్నది భార్యే. "ఇది కూడానా?" అని అడిగింది. "కదలకు, కత్తి జారుతుంది" అన్నాడు. ఆ తర్వాత ఆమె ఏ కెమెరా ముందూ కూర్చోలేదు. ఎందుకని ఆయన ఒక్కనాడైనా అడిగితే కదా!

మాస్టారికి సిగ్గేసింది. అయినా చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. ఫొటో కడిగి, ఆరబెట్టి, హాల్లో బల్లమీద పెట్టాడు. చిన్న సీసా, కుంచె తెచ్చాడు.

"ఈ మందు రాస్తే రాసినచోట కాగితం తెల్లబడుతుంది. మీ అమ్మకు ఉన్నది ఉన్నట్టు పెట్టేస్తాను చూడు."

"ఏ వైపు?"

కుంచె పెదవి ఎడమ మూలకు వెళ్ళింది. ఆగింది. కుడికి జరిగింది. అక్కడా ఆగింది.

"నెగెటివ్‌లో కుడి ఎడమలు కూడా తిరగబడతాయమ్మా, అందుకని..."

"నేను అడిగింది నెగెటివ్ గురించి కాదు, అమ్మ గురించి. ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావుగా అన్నాళ్ళు!"

కుంచె చివర మందు బొట్టు కట్టి బల్లమీద పడింది.

కూతురు అరచేత్తో తన నోరంతా కప్పుకుంది.

"పోనీ నాది ఏ వైపుంది?"

ఆ మచ్చ వచ్చినప్పటి నుంచీ ఆయన కూతురి నుదుటితోనే మాట్లాడుతున్నాడు. చూస్తే పిల్ల బాధపడుతుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ చేతివంక, ఆ వేళ్ళ సందులవంక ఆత్రంగా చూశాడు.

"ఎడమ," అన్నాడు చివరికి. "నీ ఎడమవైపు."

ఆమె చెయ్యి తీసింది. మచ్చ కుడివైపు ఉంది.