ఉరిమినప్పుడు

ఇనాస్ చేపల పొలుసు గీకుతుండగా సముద్రం మీద ఉరిమింది. కత్తి అక్కడే పడేసి, చేతులు గౌనుకి తుడుచుకుంటూ ముందుగదిలోకి పరిగెత్తింది. బల్ల వెనక్కి వంగి, మోడెం నుంచి వచ్చే టెలిఫోన్ తీగని గోడలోంచి ఊడబీకింది. అలెగ్జాండ్రియాలో ఈ శీతాకాలమంతా ఆమెకిదే పని. పిడుగు టెలిఫోన్ తీగ వెంట వచ్చి పై అంతస్తువాళ్ల మోడెంని మాడ్చేసిన రోజు భర్త వగ్దీ ఈ పని అప్పజెప్పాడు. "ఉరుము వినబడగానే ఏ పనిలో ఉన్నా వదిలేసి తీగ తియ్యి. తడిచేతుల్తో మాత్రం ముట్టుకోకు, మెషీన్ పాడవుతుంది." ఒకసారి స్నానంలో ఉండి ఆలస్యమైతే, "నీకు చెప్పింది ఇదొక్క పని" అన్నాడు. ఒక్క పని. పొద్దున బడిలో పాఠాలు, మధ్యాహ్నం వంట, అత్తగారి మందులు, తేమకి మచ్చలు పట్టే బట్టలు, ఇవేవీ అతని దృష్టిలో పనులు కావని ఆమెకి ఎప్పుడో తెలిసిపోయింది. మొన్నొక సాయంత్రం కిటికీ నిండా మెరుపు మెరిసిన క్షణంలోనే, తీగ పట్టుకున్న వేళ్లు జివ్వుమన్నాయి. మోచేతి దాకా తిమ్మిరెక్కింది. చెబితే వగ్దీ నవ్వాడు. "నీ భయమే నిన్ను కొట్టింది." కాబోలనుకుంది. తన భయాల మీద ఆమెకే నమ్మకం పోయి చాలా కాలమైంది.

"తీసేశావా?" సోఫాలో జపమాల తిప్పుతూ అడిగింది అత్తగారు ఇజ్లాల్. "నాకైతే ఆ మూలకి పోవాలంటేనే దడ. వాడు నన్ను అటు పోనే పోవద్దన్నాడు."

"ఎందుకత్తయ్యా?"

"తీసేదేదో ఉరుములకి ముందే తీసెయ్యాలట. మొదలయ్యాక మనిషి ముట్టుకోకూడదట, పిడుగు పడితే ప్రాణం పోతుందట. ఆ మోడెం పెట్టె కొన్న రోజే కొట్టువాడు చెప్పాడంట, ఇంటికి రాగానే నాతో అన్నాడు. చేపలో జీలకర్ర ఎక్కువ వెయ్యకే."

ఇనాస్ వంటింట్లోకి వెళ్లి మిగిలిన చేపలు కడిగింది. జీలకర్ర తక్కువే వేసింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ భర్త ముఖంలోకి చూసింది. దుర్మార్గమేదైనా కనబడితే బాగుండుననిపించింది. అలసిపోయిన మామూలు మనిషి, ముళ్లు తీసుకుంటూ తింటున్నాడు. కావాలని చేసి ఉండడు. తల్లి గుర్తొచ్చింది, ఆమెకి చెప్పాడు. భార్య గుర్తు రాలేదు, అంతే. ఆ అంతే దగ్గర ఆగి, అతని కంచంలో ఇంకో చేప వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం అతను కంప్యూటర్ ముందుండగా ఇల్లు అదిరేలా ఉరిమింది. కుర్చీ వెనక్కి లాక్కుని లేచి, "ఇనాస్, తీగ" అని కేకేశాడు.

ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. "నువ్వే తియ్యి, వగ్దీ."

వింతగా చూశాడు. విసుక్కుంటూ వంగి చెయ్యి చాచాడు. మెరిసింది. చెయ్యి గోడకి జానెడు దూరంలో ఆగిపోయింది. అలాగే వంగి, తల తిప్పి ఇనాస్ వైపు చూశాడు, ఇప్పుడైనా వస్తుందేమోనని. అప్పుడర్థమైంది ఆమెకి, కొట్టువాడి మాట అతను ఏనాడూ మరిచిపోలేదని.

"ముట్టుకోకు," అంది. "పెట్టె పోతే పోయింది."

అతను వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, ఆ మాట తనకి రావలసిందే అన్నంత మామూలుగా. ఇనాస్ గుమ్మం పట్టుకుని ఏడ్చింది. అనడానికి ఎంత చిన్న మాట. ఈ ఇంట్లో ఆమె కోసం ఎవరూ అనలేదు.