పైకి అనని భయం

"ఆ సందుల్లో ఏ కుక్క కరుత్తాదో, ఏ గోడ కూలుతాదో ఎవరికెరిక? ఒక్కదానివీ ఎల్లొద్దు. నానూ వత్తాను," అంది కామేశ్వరి, చెప్పులు వేసుకుంటున్న కూతురికి గుమ్మంలో అడ్డంగా నిలబడి.

"అమ్మా, నాను ఎల్తంది పాత ఊరికి. యుద్ధానికి కాదు."

"అందరూ అలాగే అనుకుంతారు. మొన్న టీవీలో సూడలేదేటి? మేడమీంచి పూలకుండీ పడి..."

"అది బొంబాయిలోనమ్మా."

"బొంబాయిలో పడ్డ కుండీ ఇక్కడ పడదని ఎవరైనా రాసిచ్చారేటి?"

శ్రీసత్య నర్సింగు మూడో ఏడు చదువుతోంది. ఈసారి కాలేజీవాళ్లు ఇద్దరిద్దరు పిల్లలకి పాత ఊళ్లో ఒక్కో కుటుంబాన్ని అప్పగించారు. అప్పుడప్పుడూ వెళ్లి, బీపీ, షుగరు చూసి, మంచిచెడ్డలు కనుక్కుని రావాలి. జతపిల్ల అలేఖ్యకి జ్వరం వచ్చింది. పాఠం చెప్పే చంద్రిక మేడమ్ ఆ వీధి మొగలో ఉన్న ఆరోగ్య కేంద్రంలోనే ఉంటానంది కాబట్టి, ఒక్కదాన్నే వెళ్లొస్తానని బయల్దేరింది. మేడమ్ ఉంటుందన్న మాట మాత్రం కామేశ్వరి చెవి దాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చేసింది.

భయపడడం కామేశ్వరికి వంట చేయడమంత అలవాటు. దానికో లెక్క కూడా ఉంది ఆమెకి. పైకి అనేసిన భయం జరగదు. హుద్‌హుద్ తుపానుకి ముందురోజు, కిటికీలు ఎగిరిపోతాయి, కిటికీలు ఎగిరిపోతాయి అని క్వార్టర్స్ వరసంతా తిరిగి చెప్పింది. అందరి కిటికీలూ ఎగిరిపోయాయి, వాళ్ల ఇంట్లో ఒక్క అద్దం పగల్లేదు. మొగుడు ఉమాశంకర్ స్టీల్‌ప్లాంటులో డ్యూటీకి బయల్దేరిన ప్రతిసారీ "కొలిమి కాడ కాలు జారుతాది, జాగర్త" అంటుంది. ఇన్నేళ్లుగా ఆయన వెళ్లినట్టే తిరిగొస్తున్నాడు. "ప్లాంటులో సైరన్ ఒకటే, మా ఇంట్లో రెండు, రెండోది మా ఆవిడ" అని ఆయన నవ్వుతాడు. నవ్వుకోనీ. గుమ్మానికి నిమ్మకాయ కట్టినట్టు, మనుషులకి ఆమె మాట కట్టేది.

అయితే శివరాత్రి వెళ్లిన దగ్గర్నుంచి ఒక్క భయాన్ని మాత్రం ఆమె పైకి అనలేదు.

మూడేళ్ల కిందట ఆగిపోయిన నెలసరి మళ్లీ కనిపించింది. మొదటిసారి, ఎండ దెబ్బ అనుకుంది. రెండోసారి, బరువు ఎత్తానేమో అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం మానేసింది. ఎందుకంటే అనుకుంటే ఎలమంచిలిలో చనిపోయిన పిన్ని సూర్యకాంతమ్మ కళ్లముందుకు వచ్చేది. పిన్నికీ ఇలాగే మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి మంచం దిగలేకపోయింది. ఆస్పత్రికి పట్టుకెళ్లిన మనిషిని, ఇక లాభం లేదంటే అదే బండిలో వెనక్కి తెచ్చారు.

ఈ ఒక్క భయానికి మాత్రం ఆమె లెక్క తిరగబడింది: నోటితో అంటే అది రోగం. అనకపోతే వట్టి మైల. మైలకి ఏముంది, దేవుడికి నాలుగడుగులు దూరంగా ఉంటే అదే పోతుంది. అందుకని కామేశ్వరి దీపం పెట్టడం మానేసింది. మోకాళ్లు వంగటం లేదని మొగుడికి అప్పజెప్పింది. ఏటా వెళ్లే సింహాచలం కూడా ఈసారి వాయిదా వేసింది. కప్పస్తంభాన్ని కౌగిలించుకుని మొక్కుకున్నాకే కడుపు పండిందని ఊరంతా చెప్పుకునే మనిషి, "ఘాట్‌రోడ్డులో బస్సుకి బ్రేకులు పడవు" అంది. మామూలుగా భయపడే మనిషే కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కామేశ్వరి అడిగింది. "మీకు ఇంజక్షన్ నేర్పుతారా, ఊరోళ్ల కబుర్లు నేర్పుతారా? ఇళ్లంట తిరగడమేటే?"

"సోషియాలజీ అంటారమ్మా దాన్ని."

"పేరు పెద్దదే. పని మన కిందింటి ఆవిడదే. ఎవరింట్లో ఏటి వండారు, ఎవరెవరితో మాట్లాట్టం లేదు..."

శ్రీసత్యకి నవ్వొచ్చింది. "నిజంగా అదేనమ్మా. మా మేడమ్ ఏటంటాదో తెలుసా? ఆడమనిషి రోగం పేరు సెప్పదంట. తన రోజులో ఏ పని ఆగిపోయిందో సెప్తాదంట. దాన్ని అడగమంటాది."

కామేశ్వరి బయటికి చూసింది. ఓడరేవు వైపు బొగ్గు లారీలు వరసగా వెళ్తున్నాయి. వాటి గురించి ఏదో ఒకటి అనాల్సింది. అనలేదు.

పాత ఊళ్లో సందు ఇరుకే గాని, ఏ గోడా కూలలేదు. కింద గులాం మొహమ్మద్ కుట్టుమిషన్ల రిపేరు దుకాణం, పైన ఇల్లు. "రండి సిస్టర్‌గారూ" అంటూ ఆయన నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని మెట్లు చూపించాడు. మెట్లు నిటారుగా ఉన్నాయి. ఎక్కుతూ కామేశ్వరి "ఇవి దిగేటప్పుడు సంపేత్తాయి" అని కూతురి చెవిలో అంది.

ఆయన భార్య గుల్జార్ బేగం కామేశ్వరి వయసుదే. కాస్త పెద్దదేమో. ముఖంలో నెత్తురు లేదు. షుగరు ఉందని శ్రీసత్య ఇప్పటికి మూడుసార్లు వచ్చి చూసింది. వచ్చినప్పుడల్లా అన్నీ అడిగింది. ఆవిడ అన్నిటికీ "అంతా బాగే బేటీ" అంది. కోడలు ఆస్రా మాత్రం, అత్తయ్యకి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని చెప్పింది.

"బయట కూకుంతాను, నువ్వు నీ పని సూసుకో" అని కామేశ్వరి మెట్ల మీదే ఆగబోయింది.

"అరే, తల్లిని బయట కూర్చోబెడతారా ఎవరైనా? రండి వదినా" అని గుల్జార్ బేగం చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. "బిడ్డకి కాపలా వచ్చారా?"

"కాపలా ఏటండీ, రోజులు బాలేవు కదా మరి."

"నేనూ అంతే. మా చిన్నోడు ఆసిమ్ కాలేజీకి పోతే వాడి బండి చప్పుడు వినేదాకా ముద్ద దిగదు."

ఇద్దరికీ మాట కలిసింది. బండ్లు నడిపే కుర్రాళ్ల గురించి, మందులు చల్లిన కూరగాయల గురించి, నిద్దట్లో పేలే ఫోన్ల గురించి చెప్పుకున్నారు. తనలాంటి మనిషి ఈ ఊళ్లో ఇంకొకామె ఉందని కామేశ్వరికి ప్రాణం కుదుటపడింది. శ్రీసత్య బీపీ చూస్తూ ముసిముసిగా నవ్వుతోంది.

అంతలో మసీదు నుంచి అజాన్ వినిపించింది. గుల్జార్ బేగం తలమీద కొంగు సర్దుకుంది. ఆస్రా లేచి లోపలి గదిలో నమాజు చాప పరుచుకుంటోంది.

"మీరూ చేసుకోండి ఆంటీ. మేం కూర్చుంటాం, తొందరేం లేదు" అంది శ్రీసత్య.

"ఉండనీ బేటీ, నేను తర్వాత చేస్తా."

"తర్వాత తర్వాత అని రంజాన్ నుంచి ఇదే మాట" అంది ఆస్రా లోపల్నుంచి. "ఒంట్లో సత్తువ లేక కూర్చోలేకపోతున్నారు పాపం." తలుపు దగ్గరగా వేసుకుంది.

శ్రీసత్య చేతిలో బీపీ పట్టీ అలాగే ఉండిపోయింది. దాన్ని మెల్లగా మడిచి పక్కన పెట్టి, కుర్చీ దిగి వచ్చి గుల్జార్ బేగం కాళ్ల దగ్గర చాపమీద కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఆంటీ, నమాజ్‌కి పనికిరాకపోవడం ఎప్పట్నుంచి?"

గుల్జార్ బేగం ముందు కామేశ్వరి వైపు చూసింది, తన ఈడు మనిషి సాయానికి వస్తుందేమో అన్నట్టు. కామేశ్వరి నేల చూసుకుంది.

"రంజాన్ నుంచి బేటీ," అందావిడ. కళ్లు నిండాయి. "అది ఆగిపోయి ఐదారేళ్లయింది. మళ్లీ కొంచెం కొంచెం. పాక్ అయ్యాక చేద్దాం, శుద్ధి అయ్యాక చేద్దాం అని చూస్తున్నా. అవ్వట్లేదు. ఇంట్లో అందరూ అల్లా ముందు నిలబడతారు, నేను మాత్రం గోడకి ఆనుకుని కూర్చుంటా."

"నేను ఎన్నిసార్లు అడిగాను ఆంటీ, ఒంట్లో ఏమైనా ఇబ్బందా అని?"

"నువ్వు జబ్బు గురించి అడిగావ్. ఇది జబ్బు కాదు కదా? ఆడదాని శుభ్రం సంగతి. ఇది మందుల సంచి తెచ్చిన పిల్లకి ఎట్లా చెప్తాం?"

శ్రీసత్య ఆవిడ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "ఆగిపోయాక మళ్లీ కనిపిస్తే, ఒక్కసారైనా సరే, డాక్టరమ్మకి చూపించాలి ఆంటీ. చాలామందికి చిన్న కారణమే ఉంటుంది. కానీ చూడకుండా అది చిన్నదో పెద్దదో ఎవరూ చెప్పలేరు. పెద్దదే అయినా ముందుగా చూస్తే నయమవుతుంది."

"క్యాన్సరా?"

శ్రీసత్య నోరు తెరిచేలోపు కామేశ్వరి అందుకుంది. "ఏటీ అవదు వదినా! వేడి చేసుంతాది. సబ్జా గింజలు నానబెట్టుకు తాగితే అదే పోతాది. ఊరికే భయపడిపోకండి."

శ్రీసత్య తలతిప్పి తల్లిని చూసింది. చిన్న తుమ్ముకి ఆస్పత్రి దాకా వెళ్లిపోయే ఆ నోటినుంచి 'ఏటీ అవదు' అన్న మాట పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల వినలేదు. కామేశ్వరి ఆ చూపుకి అందకుండా పైట సర్దుకుంది.

"సబ్జా తాగండి, తప్పులేదు," అంది శ్రీసత్య, చూపు తల్లి మీంచి తిప్పకుండా. "తాగుతూనే డాక్టరమ్మకీ చూపించుకుందాం."

సోమవారం చంద్రిక మేడమ్‌తో కలిసి ఆస్పత్రికి తీసుకెళ్లేలా మాట అనుకున్నారు. గులాం మొహమ్మద్‌కి తానే చెప్పుకుంటానంది గుల్జార్ బేగం. మెట్ల దాకా వచ్చి కామేశ్వరి భుజం మీద చెయ్యి వేసింది. "మీరూ రండి వదినా సోమవారం. మన ఈడువాళ్లు పక్కనుంటే ధైర్యం."

కామేశ్వరి మెట్లు చూసుకుంటూ దిగిపోయింది.

ఇద్దరూ తిరుగు బస్సు ఎక్కారు. సింధియా జంక్షన్ దాటాక శ్రీసత్య అంది. "అమ్మా, డ్రైవరు ఫోన్ మాట్లాడతన్నాడు."

"మాట్లాడుకోనీ."

ఆ మాట తర్వాత శ్రీసత్య తల్లి వైపు చూడలేదు. ఆమె ఒళ్లోని చేతి సంచిని తీసి తన ఒళ్లో పెట్టుకుంది, అంతే.

ఇంటికి చేరేసరికి దీపాల వేళ. ఉమాశంకర్ మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లాడు, రాత్రికి గాని రాడు. కామేశ్వరి తిన్నగా వంటింట్లోకి వెళ్లి కుక్కర్ పెట్టింది. బియ్యం కడిగిందో లేదో తనకే గుర్తు లేదు. వెనక శ్రీసత్య కాళ్లు కడుక్కుని వచ్చిన చప్పుడు. ఆ తర్వాత వంటింటి మూల దేవుడి అర దగ్గర ఆగిన చప్పుడు.

"అమ్మా, దీపం పెడుదువు రా."

"నువ్వు పెట్టేయ్. మోకాళ్లు వంగటం లేదంటే ఇనవేటి?"

"ఆ మేడ మెట్లు ఎక్కావు కదా."

"అందుకే మరీ నొప్పి."

"అయితే ఇక్కడే పీట వేత్తాను. వంగక్కర్లేదు. అగ్గిపుల్ల గీసి అంటించడమే."

కామేశ్వరి పొయ్యి మంట తగ్గించింది, పెంచింది. గరిటె కడిగింది. కడిగిన గరిటెనే మళ్లీ కడిగింది. శ్రీసత్య గదమాయించలేదు, ఏడవలేదు. వంటింటి గడప మీద కూర్చుంది, పాత ఊళ్లో ఆ చాపమీద కూర్చున్నట్టే. అగ్గిపెట్టె అరచేతిలో ఉంది.

"నాను కూతుర్ని. ఆవిడ్ని అడిగినట్టు నిన్ను ముందే అడగాల్సింది," అంది నెమ్మదిగా. "నువ్వు దీపం పెట్టడం ఎప్పట్నుంచి మానేశావమ్మా?"

కుక్కర్ కూత వేసింది. ఎదురింట్లో ఎవరో పిల్లాడిని చదువుకోమని తిడుతున్నారు. కిటికీలోంచి చూస్తే ప్లాంటు చిమ్నీల మీద ఆకాశం ఎర్రబడి, నల్లబడుతోంది. కామేశ్వరికి పిన్ని మంచం కనిపించింది, ఆ మంచం పక్కన తలవంచుకుని నిలబడ్డ ఆడవాళ్లందరూ కనిపించారు. అందరికీ తెలుసునేమో. ఎవరూ అడగలేదు. అడిగుంటే పిన్ని చెప్పేదేమో. మరో కూత వచ్చింది. శ్రీసత్య లేచి పొయ్యి కట్టేసి, మళ్లీ వచ్చి అదే గడప మీద కూర్చుంది. గదిలో చీకటి పడుతున్నా లైటు వెయ్యలేదు.

కామేశ్వరి తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. ఆ తర్వాత గోడ పట్టుకుని, మోకాళ్లు ఏమాత్రం నొప్పి లేకుండా వంగి, కూతురి పక్కన గడప మీద కూర్చుంది.

"శివరాత్రి ఎల్లిన కాణ్ణుంచి," అంది. "నాకు భయమేత్తందే సత్యా. సోమారం ఆ వదినతో నన్నూ తీసుకెళ్లు."