నీళ్ళు తాగని టైలు

తెల్లారి దౌలత్‌బీ తలుపు తీసేసరికి పంపు కింద బక్కెట్టుకి చేరగిలబడి ఒక తెల్ల టైలు కూర్చుని ఉంది. "ఏమయ్యా, మళ్ళీ ఒకటొచ్చింది" అని లోపలికి కేకేసి, ఓ చెంబుడు నీళ్ళు దాని నెత్తిన పోసి చీపురు పట్టుకుంది.

తిరువూరులో ఇదేం వింత కాదు. గోడకి వేసే టైలుని ముందు తొట్టిలో నానబెట్టాలి. దాహం తీరితేనే అది సిమెంటుని నమ్ముకుని ఉంటుంది. తీరకపోతే గోడ దిగి, వేసినవాడి ఇల్లు వెతుక్కుంటూ నీళ్ళకొస్తుంది. బస్టాండు దగ్గర ఆటోవాళ్ళు ఆగి మరీ దారిస్తారు. ఇస్తూ ఇస్తూ "ఎవడిదిరా ఈ పనితనం?" అని నవ్వుతారు. ఆ నవ్వుకే మేస్త్రుల ప్రాణం పోతుంది.

ఈ పనితనం ఎవరిదో దౌలత్‌బీ కొడుకు నాజిమ్‌కి తెలుసు. సౌజన్య గారి కొత్త వంటింట్లో పొయ్యి వెనక గోడని తండ్రీ కొడుకులు పక్కపక్కన నిలబడి వేశారు. మధ్యలో తండ్రి మొహిద్దీన్ నమాజుకి వెళ్ళాడు. తొట్టిలో నానినవి అయిపోయాయి. మళ్ళీ నానేదాకా ఎవడు కూర్చుంటాడని నాజిమ్ పెట్టెలోంచి పొడివి తీసి, పైపైన చిలకరించి అంటించేశాడు. నీళ్ళు చూపించాడే గాని తాగించలేదు.

ఆ పొద్దున టైలు వెనకాలే సౌజన్య కూడా వచ్చింది.

"ఏంటి నాజిమ్ ఇది? పప్పుకి తాలింపు వేస్తుంటే కళ్ళముందే దిగి వెళ్ళిపోయింది. ఇంటి నిండా చుట్టాలు, తలెక్కడ పెట్టుకోవాలి నేను? అసలు ఇది ఎవరు వేసింది?"

ఆవిడ అన్నగారు కట్టే ఇంటి పని నాజిమ్ పేరు మీదే మాట్లాడుకున్నారు. తండ్రి చాటున కాకుండా సొంతంగా వచ్చిన మొదటి పని. నిజం చెబుదామనే నోరు తెరిచాడు పాపం. బయటికొచ్చింది ఇంకో మాట.

"నాన్నకి ఈమధ్య చెయ్యి కొంచెం..." అని ఆపేశాడు.

ఆ సగం మాటే చాలింది. సౌజన్య "అయ్యో, పెద్దాయన" అని గొంతు తగ్గించింది. లోపల మొహిద్దీన్ టీ గ్లాసు కింద పెట్టి, చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరు మేస్త్రులుంటే టైలు ఎవరి కోసం వచ్చిందో దేవుడికెరుక. ఆయన కొడుకు మాటే నమ్మాడు.

"నేనిక్కడుంటే అవి ఇక్కడికే వస్తాయిరా. నీ పేరు పోతుంది" అని బట్టలు సర్దుకుని, విజయవాడ బస్సెక్కి ఎ.కొండూరులో కూతురు మెహనాజ్ ఇంటికి వెళ్ళిపోయాడు. ఇక తాపీ పట్టనని కూడా చెప్పేశాడు. దౌలత్‌బీ కొడుకు వంక ఒక చూపు చూసి, బక్కెట్టు తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన వెళ్ళాడు సరే, టైల్స్ వెళ్తాయా? పట్టపగలు, బజారు మధ్యలోంచి, ఒకదాని వెనక ఒకటి నాజిమ్ ఇంటికే వచ్చాయి. కొండూరు వైపు ఒక్కటంటే ఒక్కటి తిరగలేదు. బసవపున్నయ్య టీ కొట్టు బెంచీ మీదున్నవాళ్ళు వాటిని చూశారు, నాజిమ్‌ని చూశారు, తలలు దించుకుని టీ తాగారు. ఎగతాళి చేసినా భరించేవాడు. నాజిమ్ సిగ్గుతో చచ్చిపోయాడు. మొహానికి తువ్వాలు చుట్టుకుని కొండూరు వెళ్ళాడు.

మెహనాజ్ ఇంటి ముందు మొహిద్దీన్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన తొట్టి నిండా నీళ్ళు.

"రోజూ ఇదే వరసరా" అంది మెహనాజ్ తమ్ముడితో. "పొద్దున్నే తొట్టి నింపుతాడు. అంత దూరం నుంచి దాహంతో వస్తాయంటాడు. అన్నానికి కూడా లేవడు."

"దారి తప్పాయేమోరా" అన్నాడు మొహిద్దీన్. "ఈ ఎండలో పాపం. నీకెక్కడన్నా కనబడ్డాయా?"

నాజిమ్ ఆ తొట్టి పక్కనే కూలబడ్డాడు.

"అవి మనింటికే వచ్చాయి నాన్నా. నా కోసమే. నువ్వు నమాజుకెళ్ళినప్పుడు నానబెట్టకుండా వేసింది నేనే. నీ చేతికేం కాలేదు. ఉత్తినే నీ మీద పెట్టాను."

కొడతాడనుకున్నాడు. కొట్టాలనే కోరుకున్నాడు. మొహిద్దీన్ రెండు చేతులూ ఎత్తి వెలుతురులో పెట్టి చూసుకున్నాడు.

"అమ్మా మెహనాజ్! నా చేతులు బానే ఉన్నాయంటమ్మా!" అని వీధంతా వినబడేలా అరిచాడు.

ఆ సంతోషం చూడలేక నాజిమ్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

తిరుగు బస్సులో మొహిద్దీన్ కడుపు నిండా తిని హాయిగా నిద్రపోయాడు. ఊరు దగ్గరపడ్డాక లేచి, "ఆ గోడ మళ్ళీ నేనే వేస్తా. నువ్వు సిమెంటు కలుపు. ఆవిడతో చెప్పాల్సింది మాత్రం నువ్వే చెప్పు" అన్నాడు.

"వాళ్ళ అన్నగారి పని పోతుంది నాన్నా."

"పోతుంది" అన్నాడు మొహిద్దీన్.

తలుపు తీసిన సౌజన్య పెద్దాయన్ని చూసి తటపటాయించింది. "మీరెందుకండీ శ్రమ? చెయ్యి బాగోలేదన్నారుగా. నాజిమ్ వేస్తాడులెండి" అంది, మర్యాదగానే. హాల్లో చుట్టాలు మాటలు ఆపి ఇటు చూస్తున్నారు.

"ఆయన చెయ్యి బంగారం అండి" అన్నాడు నాజిమ్. హాల్లోకి కూడా వినబడేలా గట్టిగా చెప్పాడు. "ఆ గోడ పాడు చేసింది నేను. మా నాన్న మీద పెట్టిందీ నేనే."

సౌజన్య పక్కకి జరిగి, "రండి మేస్త్రి గారూ" అని పెద్దాయన్నొక్కణ్ణే లోపలికి పిలిచింది. నాజిమ్ గుమ్మం బయట కూర్చుని సిమెంటు కలపడం మొదలుపెట్టాడు.