అన్నయ్య చేతిపని

"మీకేం భయం లేదు, ఇక్కడ ఏదీ మారదు" అని కొత్త డైరెక్టరు మైకు పట్టుకుని చెప్పగానే గిటార్ల కార్ఖానాలో నలభై ఇద్దరికీ గుండెల్లో రాయి పడింది. ఏదీ మారనప్పుడు ఈ మీటింగెందుకు, ఆ మైకెందుకు, గేటు దగ్గర ఆ బెలూన్లెందుకు?

ఆయన్ని అప్పటికే అందరూ పరుపులాయన అంటున్నారు. కార్ఖానాను కొనేసిన కంపెనీకి పరుపులు, కుక్కర్లు, పిల్లల సైకిళ్ళు కూడా ఉన్నాయి. ఈయన మొన్నమొన్నటిదాకా పరుపుల వైపు చూసుకునేవాడు. గిటారు చేతికిస్తే పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా అడ్డంగా పడుకోబెట్టుకుంటాడు. మనిషి మాత్రం మహా మర్యాదస్తుడు. పోనీ తిడదామా అంటే పట్టు దొరకదు.

అయినా ఉన్నమాట చెప్పుకోవాలి. ఒక కంపెనీ చేతులు మారిందంటే చాలు, "అయ్యో, ఆ రోజుల్లో గిటార్లు ఎలా ఉండేవి!" అని గుండెలు బాదుకునే బాపతు ఎక్కడినుంచో ఊడిపడతారు. ఆ రోజుల్లో ఎలా ఉండేవో వచ్చి చెల్లెమ్మను అడగమనండి. షెడ్డు కప్పు మూడు చోట్ల కారేది. ఒక ఏడాది అప్పటి యజమాని పెద్దాయన చవగ్గా వచ్చిందని ఏదో జిగురు డబ్బాలకు డబ్బాలు తెప్పిస్తే, ఎండలు ముదిరేసరికి నూట పది గిటార్లు ఎక్కడివక్కడ నోళ్ళు తెరిచాయి. ఇప్పుడు ఆ ఏడాది గిటార్లనే స్వర్ణయుగం నాటివంటూ ఎగబడి కొంటున్నారు. కొత్తవాళ్ళు వచ్చిన నెలలోపే కప్పు బాగుచేయించారు, చెక్కపొట్టు పీల్చే యంత్రం పెట్టించారు, ఆడవాళ్ళ బాత్‌రూమ్ తలుపుకి గడియ బిగించారు. ఆ గడియ కోసం చెల్లెమ్మ తన సొంత అన్నను పదకొండేళ్ళు అడిగింది.

అన్నట్టు చెల్లెమ్మ ఎవరో చెప్పనేలేదు కదూ. కార్ఖానా పెట్టిన పెద్దాయనకు తోడబుట్టింది. ఆయన "చెల్లెమ్మా" అని పిలిచేసరికి, రంగులు వేసేవాళ్ళ దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ వరకూ అందరికీ చెల్లెమ్మే అయి కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ళొచ్చి, మోకాళ్ళు కిర్రుమంటున్నా చెల్లెమ్మే. ఆమె పని గిటారుకు మెడ చెక్కడం. వాయించేవాడి ఎడమచెయ్యి పొద్దస్తమానం పాకేది ఆ మెడ మీదే. వెనకవైపు గుండ్రం వెంట్రుకవాసి ఎక్కువైతే బొటనవేలు పీకుతుంది, తక్కువైతే చెయ్యి జారుతుంది. ఆకురాయితో రాయడం, కళ్ళు మూసుకుని అరచేత్తో తడమడం, "ఊఁ, ఇంకొంచెం" అనుకోవడం. ముప్పై ఒక్క ఏళ్ళుగా చెల్లెమ్మ బతుకంతా ఇదే.

మరి పెద్దాయనో? గోడకు మేకు కొట్టమంటే మేకుది ఒక దారి, సుత్తిది ఒక దారి. కానీ ఆ మాటకారితనం ఉంది చూశారూ, దానికి మాత్రం దణ్ణం పెట్టాలి. గిటారు అంటే ఏమిటో తెలియనివాడి చేత కూడా రెండు కొనిపించి పంపేవాడు. అలాంటి మనిషి మొదటిసారి ఒక ప్రదర్శనలో బల్ల పెట్టినప్పుడు, పేరున్న వాయిద్యకారుడొకడు మెడ తడిమి చూసి, "ఎవరండీ ఇది చెక్కింది?" అని అడిగాడు. చెల్లెమ్మ వెనకాల అట్టపెట్టెలు విప్పుతోంది. పెద్దాయన ఒక్క క్షణం ఆగి "నేనే" అన్నాడు. అంతే, అయిపోయింది. మర్నాడు పత్రికలో పడింది. ఏడాది తిరిగేసరికి "ప్రతి మెడా వ్యవస్థాపకుడి చేతిమీదుగా" అని కేటలాగులో అచ్చయింది. ఆయన సంతకమే గిటారు తల మీద కంపెనీ గుర్తుగా ఎక్కి కూర్చుంది.

చెల్లెమ్మకు డబ్బు మీద ఆశ లేదు. పదవి అక్కర్లేదు. నలుగురి ముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఇది మా చెల్లెలు చేసింది" అంటే చాలనుకుంది. ప్రతి ఏడాదీ కొత్త గిటార్ల వేడుకకు ఉతికిన చీర కట్టుకుని వెళ్ళి, ఈసారి అంటాడేమో అని చెవులు రిక్కించి కూర్చునేది. అనేవాడు కాదు. ఇంటికొచ్చి కడుపు మండిపోయి వంటింట్లో ఏడ్చేది. ఎవరన్నా చూస్తే ఉల్లిపాయల మీదికి నెట్టేసేది.

ఇదిలా ఉండగా పరుపులాయన యంత్రం తెప్పించాడు. దానికి ఒక మెడ చూపిస్తే చాలు, అచ్చం అలాంటివే రోజుకు అరవై చెక్కి పడేస్తుందట.

"ఏ మెడ చూపిస్తారు?" అంది చెల్లెమ్మ.

"పెద్దాయన సొంత చేతులతో చేసింది ఒకటి కావాలి మేడమ్. మా లాయరమ్మ కాగితం తయారు చేసింది. 'ఈ మెడ ఆసాంతం నేనే చెక్కాను' అని ఆయన సంతకం పెట్టాలి. అంతటి చెయ్యి కదండీ, పదిలంగా దాచుకోవాలి." ఆ మీదట, ఇంకా మర్యాదగా, "యంత్రం వచ్చాక మీకూ శ్రమ తగ్గుతుంది. ప్యాకింగ్‌లో హాయిగా కూర్చోవచ్చు" అన్నాడు.

హాయిగానట! చెల్లెమ్మకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే అన్న ఇంటికి వెళ్ళింది. హాల్లో సోఫా పక్కన గోడ బోసిగా ఉంది. అక్కడ ఇన్నాళ్ళూ వేలాడిన గిటారు ఇప్పుడు బల్ల మీద, గుడ్డ చుట్టుకుని, యంత్రం దగ్గరికి ప్రయాణానికి సిద్ధంగా ఉంది. దాన్ని చూడగానే ఆమె నోరు వెళ్ళబెట్టింది.

"అన్నయ్యా, ఇదా ఇచ్చేది?"

పెద్దాయన జన్మలో తానుగా చేసిన మెడ అదొక్కటే. కార్ఖానా పెట్టిన కొత్తలో, తనకూ వచ్చని నిరూపించుకోవాలని నాలుగు నెలలు కుస్తీ పట్టాడు. తీగలు నొక్కే మెట్లలో అయిదోదాని వెనకాల చెక్కలో ముడి తగిలి ఉలి జారింది. అక్కడ రేగుపండంత బొడిపె మిగిలిపోయింది. అది సరిచేయబోతే మెడ విరుగుతుందని భయపడి, గోడకు తగిలించి, "అపురూపమైనది, ముట్టుకోకండి" అని అందరికీ చెప్పాడు.

"నేను చేసింది అని రాసి సంతకం పెట్టాలి. ఇంకేది ఇవ్వను?" అన్నాడు పెద్దాయన నసుగుతూ.

"నేను చెక్కినవి వేలున్నాయి కదా. వాటిలో ఒకటివ్వు."

"అబద్ధం మీద సంతకం పెట్టమంటావా? లాయరమ్మ ముందు?"

"మరి ముప్పై ఏళ్ళుగా ప్రతి గిటారు తలమీదా పెట్టిన సంతకం దేనిమీద పెట్టినట్టు?"

పెద్దాయన గిటారు మీద గుడ్డ సర్దసాగాడు. లోపల్నుంచి వదిన వచ్చి, "ఆ గిటారా! దుమ్ము తుడిచి తుడిచి నా చేతులు పడిపోయాయి, తీసుకుపోనివ్వు తల్లీ" అంది. ఆవిడకు ఈ గొడవేమీ పట్టలేదు.

"నా బల్ల తీసేస్తున్నారు అన్నయ్యా. నన్ను టేపులు అంటించే చోట కూర్చోబెడుతున్నారు. ఇప్పుడన్నా చెప్పు. ఒక్క మాట చాలు."

"ఇప్పుడు చెబితే పరువు పోదూ? గౌరవ సలహాదారు అన్నారు, గది ఇచ్చారు, కారు ఇచ్చారు... కొన్నాళ్ళు పోనీ, చూద్దాం."

ఆ "చూద్దాం" విని చెల్లెమ్మ వెనక్కి తిరిగింది. చెప్పులు వేసుకుని వచ్చేసింది. దారి పొడుగునా అన్నను నోటికొచ్చినట్టు తిట్టుకుంది, ఇంటి తాళం తీస్తూ కూడా తిట్టుకుంది.

యంత్రానికి మాత్రం మొహమాటం లేదు. చూపించింది చూపించినట్టు చెక్కింది. వారం తిరిగేసరికి మూడొందల మెడలు వరసగా నిలబడ్డాయి. మూడొందలకూ అయిదో మెట్టు వెనకాల రేగుపండంత బొడిపె, ఇంచు అటూ ఇటూ కాకుండా! రంగులు వేసే ఆయన ఒక్కో మెడా తీసి, బొడిపెకు అదనంగా ఒక పూత వేసి, "పెద్దాయన ప్రసాదం" అంటూ పక్కన పెట్టేవాడు. షెడ్డంతా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది.

చెల్లెమ్మకు నవ్వు రాలేదు. ఎంతైనా చెక్కిన చెయ్యి కదా, పాడు మెడ చూస్తే ప్రాణం ఒప్పదు. పరుపులాయన దగ్గరికి వెళ్ళి, "బాబూ, అక్కడ బొడిపె ఉంది. తీసేయించండి. కావాలంటే నేనే రాసిస్తా" అంది.

ఆయన కంగారుపడ్డాడు. "అమ్మో, వద్దు మేడమ్! అది వారసత్వం."

కొత్త గిటార్ల వేడుక రానే వచ్చింది. పొద్దున పదకొండింటికి షెడ్డు మధ్యలో కుర్చీలు వేశారు. ఊరూరి నుంచి గిటార్ల కొట్లవాళ్ళు అరవైమంది దాకా వచ్చారు. ముందు వరసలో పెద్దాయన కొత్త కోటులో, పక్కన లాయరమ్మ ఫైలుతో. చెల్లెమ్మ ఉతికిన చీర కట్టుకోలేదు. వెనకాల ప్యాకింగ్ బల్ల దగ్గర చేతిలో టేపు చుట్టతో నిలబడింది. ఇక ఆశ పడకూడదని పొద్దున్నే గట్టిగా అనుకుని వచ్చింది. పాడు ఆశ, చెబితే వింటుందా?

ఒక కొట్టాయన గిటారు తీసుకుని వాయిస్తూ వాయిస్తూ, బొటనవేలు బొడిపె మీదికి ఎక్కగానే టక్కున ఆగాడు. "ఇదేమిటండీ?"

పరుపులాయన నిమ్మకు నీరెత్తినట్టు నవ్వాడు. "బొటనవేలికి విశ్రాంతి స్థానం సార్. పెద్దాయన ఇన్నేళ్ళూ బయటపెట్టని రహస్యం."

ఇంకేముంది, అరవైమందీ తలా ఒక గిటారు తీసుకుని బొడిపె తడమడం మొదలుపెట్టారు. "అబ్బ, ఎంత సుఖంగా ఉంది!" అని ఒకరు. "చెయ్యి అలవాటుపడితే వదలదండీ" అని ఇంకొకరు. ఇద్దరు అప్పుడే ఆర్డరు రెట్టింపు చేశారు. చెల్లెమ్మకు ఆ టేపు చుట్ట ఎవరి నోటికన్నా అంటించాలనిపించింది.

అప్పుడు మూలగా కూర్చున్న ఒక ముసలి కొట్టాయన లేచాడు. ముప్పై ఏళ్ళుగా ఈ గిటార్లే అమ్ముకుంటున్న మనిషి. "నా చేతిమీదుగా రెండు వేలు పోయాయి. ఒక్కదానికీ ఈ బొడిపె లేదు. అరచేతిలో వెన్న పెట్టినట్టు ఉండేవి. ఏదీ, పెద్దాయన్ని వాయించమనండి చూద్దాం. ఈ మెడ, ఆ మెడలు ఒకే చేతివి అంటే నేను నమ్మను" అన్నాడు.

చప్పట్లు మోగాయి. పెద్దాయనకు లేవక తప్పలేదు. మేకు కొట్టడం చేతకాకపోయినా వాయించడం మాత్రం వచ్చిన మనిషి. నాలుగు స్వరాలు బాగానే పలికాయి. అయిదో మెట్టు దాటబోయేసరికి బొటనవేలు బొడిపెకు తన్నుకుంది, చెయ్యి జారింది, తీగలన్నీ ఒక్కసారిగా గరగరమన్నాయి. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అదే చోట అదే గరగర. మూడోసారి మొదలెట్టి, మధ్యలోనే ఆపేశాడు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల తిప్పి అటూ ఇటూ వెతికి, వెనకాల చెల్లెమ్మ కనబడగానే అక్కడే చూపు ఆపాడు.

"ఈ బొడిపె నాది. నేను చేసిన మెడ ఇదొక్కటే" అన్నాడు. "మీరిన్నాళ్ళూ అమ్మినవన్నీ మా చెల్లెలు చెక్కింది. అన్నీ."

చెల్లెమ్మ చేతిలోంచి టేపు చుట్ట జారి కిందపడి, దొర్లుకుంటూ కుర్చీల కిందికి పోయింది.

లాయరమ్మ చటుక్కున లేచింది. "సార్, ఒక్క నిమిషం. ఆ మాట మీరు అనకూడదు."

"అదేంటమ్మా, నిజమే కదా."

"నిజమే కావచ్చు. మీ పేరు, మీ సంతకం, ప్రతి మెడా మీ చేతిమీదుగా వచ్చిందన్న కథ, అన్నీ కంపెనీకి అమ్మేశారు. ఒప్పందం పన్నెండో పేజీ. దానికి వ్యతిరేకంగా నలుగురిలో మాట్లాడితే మీ పదవి పోతుంది. గదీ పోతుంది, కారూ పోతుంది."

పరుపులాయన ఎంతో మర్యాదగా వంగి, "సార్ ఊరికే సరదాకి అన్నారు. కదండీ సార్?" అన్నాడు.

చూశారా పని! ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మాట ఆయన నోట్లోనే ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పైసా ఖర్చు లేకుండా అనేయొచ్చు. అనలేదు మహానుభావుడు. తీరా అనాలని బుద్ధి పుట్టేసరికి దానికి వేరే యజమాని వచ్చి కూర్చున్నాడు. చెల్లెమ్మకు అన్న మీద పట్టరాని కోపం వచ్చింది, జాలి వేసింది, ఆ రెండిటి మధ్యా పిచ్చి సంతోషం కూడా కలిగింది. ఏది ముందు పడాలో తెలియక కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయలు ఎక్కడా లేవు.

పెద్దాయన లాయరమ్మ ఫైలు వంక చూశాడు. కిటికీలోంచి కనబడుతున్న కారు వంక చూశాడు. కోటు గుండీ సర్దుకున్నాడు. "అంటే... నా ఉద్దేశం ఏమిటంటే..." అంటూ మొదలెట్టాడు.

"అన్నయ్యా!" అని వెనకనుంచి కేక వేసింది చెల్లెమ్మ. అరవైమందీ కుర్చీల్లో వెనక్కి తిరిగారు. "ఇక్కడ మాకు సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి చెప్పు."

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత జేబులోంచి కారు తాళాలు తీసి పరుపులాయన చేతిలో పెట్టి, మైకు అందుకున్నాడు.

"మెడలన్నీ మా చెల్లెలు చెక్కింది. నేను కాదు."

లాయరమ్మ టైము చూసి ఫైల్లో రాసుకుంది. "ఇది రెండోసారి సార్" అంది.

మూడోసారి ఎవరూ అడక్కుండానే చెప్పాడు.