ఆపని సుత్తి

ఆ కలప అడితిలో గయ్యాళులు ఇద్దరు. ఒకటి గుర్రం, ఒకరు మనిషి. గుర్రానికి ఆ పేరు పెట్టింది పెద్దన్న. మనిషికి పెట్టింది వీధి వీధంతా. మొగుడి మీదికి ఇత్తడి చెంబు విసిరి పుట్టింటికి వచ్చేసిన ఆడదాన్ని ఇంకేమంటారు లెండి! చెంబు ఎందుకు విసిరిందో మాత్రం ఒక్క పుణ్యాత్ముడూ అడగలేదు. సొంత అన్న, ఆ పెద్దన్న కూడా చెల్లెలి వాచిన దవడ చూసి, "ముందు నువ్వేమన్నావో అది చెప్పు" అన్నాడు. అంత చక్కని అన్న.

ఇప్పుడు మొదటి గయ్యాళికి, అంటే గుర్రానికి, ప్రాణం మీదికొచ్చింది. కుడి ముందుకాలు నేలకు ఆనించలేకపోతోంది. దగ్గరికి వెళ్ళినవాణ్ణి మిగిలిన కాళ్ళతో చంపేసేలా ఉంది. పొద్దున మేత వెయ్యడానికి వెళ్ళిన చిన్నోణ్ణి, అంటే ఇంటి ఆఖరివాణ్ణి, గోడకేసి తన్నింది. పక్కటెముకలు విరిగాయి. శాల పక్క గదిలో మంచం మీద, మూలుగుదామన్నా ఊపిరి చాలక పడి ఉన్నాడు.

పెద్దన్న కాపలా తుపాకి గోడ మీంచి దించి, తూటాలు పెట్టి, శాల గుమ్మంలో దుంగ మీద కూర్చున్నాడు. పశువుల డాక్టరు బతిమాలాడు, బామాలాడు. చివరికి పెద్దన్న ఒకే ఒక్క మెట్టు దిగాడు.

"పొద్దు గూకేలోగా అది నాలుగు కాళ్ళ మీద నిలబడాలి. నిలబడలేదో, నా చేతుల్లో పోతుంది. మాటంటే మాటే!"

"మాటల మనిషి బయల్దేరాడు" అని చెల్లెలు చీర కొంగు బిగించింది.

ఆమెకు ఆ గుర్రమంటే ప్రాణం. బండెడు దుంగలు లాగుతుందని కాదు, తనకు తప్ప ఇంకెవరికీ మెడ వంచదని. ఆ ఇంట్లో ఆమె మీద నమ్మకం పెట్టుకున్న జీవి అదొక్కటే. అది పోతే ఆ ఇంట్లో ఆమెకంటూ ఏమీ మిగలదు. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, ఆ పూట ఆమె మొహం చూసినవాడికి చెప్పక్కర్లేదు.

డాక్టరు మంచివాడే. పొద్దున్నే వచ్చి, చొక్కా చెయ్యి గుర్రం నోట్లో వదిలేసి, గోడ దూకి బయటపడ్డాడు. అయినా వెళ్ళిపోలేదు. "గిట్ట కాలిపోతోందమ్మా. లోపల చీము పట్టింది. లాడం ఊడదీసి, చీముకు దారి చెయ్యాలి. మత్తు సూది పొడుస్తాను గానీ, ఇంత భయపడ్డ గుర్రానికి మత్తు పైపైనే పనిచేస్తుంది. నమ్ముకోకు" అన్నాడు.

"మీరు తాడు పట్టుకోండి చాలు. గోడ మాత్రం దూకొద్దు."

"ఈసారి దూకను. మోకాలు నొప్పిగా ఉంది."

సూది పడింది. గుర్రం తల కాస్త వాలింది, కళ్ళు మాత్రం తెల్లగా తిరుగుతూనే ఉన్నాయి. డాక్టరు తాడును స్తంభానికి చుట్టి పట్టుకున్నాడు. చెల్లెలు దాని భుజానికి భుజం ఆనించి, కాలు మీద చెయ్యి వేసిందో లేదో, గుర్రం కేక పెట్టి పక్కకు తోసింది. గోడకూ గుర్రానికీ మధ్య ఆమె నలిగిపోయింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. తేరుకునేలోగా గుర్రం మెడ తిప్పి ఆమె భుజాన్ని పళ్ళతో పట్టేసింది. రవిక చిరిగింది, దాంతోపాటు చర్మమూ లేచింది. ఆమె దాని ముక్కు మీద పిడికిలితో గుద్దితే గానీ వదల్లేదు.

"మూతికర్ర పెట్టు!" అని పెద్దన్న గుమ్మంలోంచి అరిచాడు. "ఎన్నిసార్లు చెప్పాలి? మూతికర్ర పెట్టి మెలితిప్పు! ఆపకు!"

మూతికర్ర అంటే ఆ ఇంటి పద్ధతి. కర్ర చివర తాడు ఉచ్చు ఉంటుంది. గుర్రం పై పెదవిని అందులో దూర్చి మెలితిప్పితే, ఆ బాధకు అది కాళ్ళ సంగతి మరిచిపోతుంది. అప్పుడు ఇంటివాళ్ళే లాడం పెట్టి మేకులు దిగ్గొడతారు. ఒకసారి సుత్తి ఎత్తాక గుర్రం గింజుకున్నా, అరిచినా, మీదపడినా సుత్తి మధ్యలో ఆపకూడదు. ఆపితే గుర్రానికి అలుసైపోతామని వాళ్ళ నాన్న చెప్పేవాడు. నాన్న పోయాడు, ఆ మాట మాత్రం ఇంట్లోనే తిష్ట వేసింది. వేరే అడితుల వాళ్ళు గుర్రం ఉలిక్కిపడితే ఆగి చూస్తారట. పెద్దన్న అది విని పగలబడి నవ్వేవాడు.

చెల్లెలు మూతికర్ర గోడ మీంచి తీసింది. తీసి, గుర్రానికి చూపించింది. అంతే! గుర్రం మత్తూ గిత్తూ అంతా దులిపేసుకుని రెండు కాళ్ళ మీద లేచింది. దాని తల దూలానికి తగిలింది. దిగుతూ దిగుతూ తలుపు చెక్కను బద్దలు కొట్టింది. డాక్టరు తాడుతోపాటు స్తంభానికి కొట్టుకుని, నుదురు చిట్లి, అయినా తాడు వదల్లేదు. పాపం, నిజంగానే దూకలేదు.

అప్పుడు వెలిగింది ఆమెకు. ఇది పొగరు కాదు. కర్ర చూసి భయం. కర్ర వెనకాల వచ్చేదేదో గుర్తుండి భయం. దాన్ని తనూ గయ్యాళి అని ముద్దుగా పిలిచినందుకు ఆమెకు సిగ్గేసింది.

మూతికర్ర తన వెనక గోడకు ఆనించింది. మళ్ళీ భుజం ఆనించింది. కాలు ఎత్తింది. గుర్రం వణికితే ఆగింది. వణుకు తగ్గితే మళ్ళీ ఎత్తింది. పడేసింది. మళ్ళీ ఎత్తింది. వెనక నుంచి పెద్దన్న అరుస్తూనే ఉన్నాడు, "అలా ఆగుతూ ఉంటే తెల్లారుతుంది! అది నిన్ను ఆడిస్తోందే పిచ్చిమొహమా!"

"నువ్వు నోరు ముయ్యి. లేదా వచ్చి పట్టుకో."

రాలేదు. తుపాకి పట్టుకున్నవాడికి గుర్రం కాలు పట్టుకునే ధైర్యం ఎక్కడిది?

ఎట్టకేలకు గిట్ట ఆమె మోకాళ్ళ మధ్యకు వచ్చింది. వంగిన మేకు కొనల్ని ఆకురాయితో అరగదీసింది. పట్టకారుతో ఒక్కొక్క మేకూ లాగింది. పొడిగా, శుభ్రంగా వచ్చాయి. ఒక్కొక్కదానికీ గుర్రం ఒళ్ళు జలదరిస్తే ఆగింది, ముంజేత్తో చెమట తుడుచుకుంది, మళ్ళీ లాగింది. లోపలి వైపు చివరి మేకు దగ్గర మాత్రం గుర్రం పట్టకారు తగలగానే మనిషిలా మూలిగింది. ఆ మేకు మిగతా వాటికన్నా పొడుగు. అలాంటిది అక్కడ ఉండవలసిన పనే లేదు. లాడం మాటిమాటికీ ఊడిపోతోందని పెద్దన్న అదనంగా కొట్టిన మేకు అది.

ఆమె ఆగింది. గుర్రం మెడ నిమిరింది. ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగింది.

మేకు నల్లగా, తడిగా బయటికొచ్చింది. దాని వెనకే చీము చిమ్మి ఆమె మొహాన పడింది. శాలంతా కుళ్ళిన కంపు. గుర్రం ఎగిరి తన్నింది, డెక్క ఆమె తొడను రాసుకుంటూ పోయింది, ఆమె వెల్లకిలా పడింది. కానీ మేకు వదల్లేదు.

గిట్ట అంచు మన గోరులాంటిదే, మేకు దిగినా నొప్పి తెలియదు. కాస్త లోపలికి పోతే పచ్చిమాంసం. పెద్దన్న ఆ మేకు కొట్టిన రోజు గుర్రం అందుకే అరిచింది. అది అరిచినప్పుడు ఆగి చూసుంటే, మేకు తీసి పక్కన కొట్టేవాళ్ళు, కథ అక్కడితో అయిపోయేది. వీళ్ళు ఆగలేదు. ఆగడం ఈ ఇంట్లో తెలియదు.

ఆమె లేచి, కుంటుతూ వెళ్ళి, మేకును పెద్దన్న కాళ్ళ ముందు విసిరింది. "ఇదిగో నీ మేకు. పచ్చిలోకి కొట్టావు. చిన్నోడి ఎముకలు విరిచింది గుర్రం కాదు, నువ్వు."

పెద్దన్న మేకు వంక చూశాడు. మొహం పాలిపోయింది. పక్క గదిలోంచి, తెగిపోతున్న గొంతుతో చిన్నోడు అన్నాడు, "ఆ రోజు... మూతికర్ర పట్టుకుంది నేనే కదన్నా. ఆపన్నా, ఆపన్నా అన్నాను. నోర్మూసుకుని మెలితిప్పమన్నావ్."

అక్కడితో తల దించుకుంటే మనిషే. కానీ తప్పు తేలిపోయిన మొగవాడికి వచ్చే కోపం ఉంటుందే, అది వచ్చింది. పెద్దన్న లేచి నిలబడి తుపాకి ఎత్తాడు.

"మనిషిని తన్నిన గుర్రం నా అడితిలో బతకదు. అన్నానంటే అన్నానంతే. తప్పుకో!"

"అన్నా, వద్దు."

"తప్పుకోమన్నానా!"

ఆమె గోడకున్న మూతికర్ర అందుకుని తుపాకి గొట్టాన్ని కింది నుంచి పైకి కొట్టింది. తుపాకి పేలింది. కప్పు పెంకులు పగిలి వాళ్ళ నెత్తిన కురిశాయి. గుర్రం తాడు తెంపుకుని, విరిగిన తలుపు తోసుకుని బయటికి దూసుకుపోయింది. డాక్టరు ఎక్కడున్నాడో ఎవరూ చూడలేదు.

ఆమె ఆగలేదు. రెండో దెబ్బకు తుపాకి ఊడి కింద పడింది. మూడోది అతని తొడ మీద పడింది. నాలుగోది వీపు మీద. ఇన్నేళ్ళ కోపం ఆ కర్రలోకి దిగింది. వాచిన దవడ, నువ్వేమన్నావో చెప్పు అన్న మాట, గయ్యాళి అన్న వీధి, అన్నీ కలిసి కొడుతున్నాయి. పెద్దన్న పళ్ళు బిగించి, చేతులు అడ్డం పెట్టుకుని, మాట్లాడకుండా తిన్నాడు. ఒక దెబ్బ మోచేతి ఎముక మీద పడింది.

"అబ్బా!" అన్నాడు పెద్దన్న. "చాలే, చాలే తల్లీ!"

ఎత్తిన కర్ర గాలిలోనే ఆగిపోయింది.

చీము, రక్తం, కన్నీళ్ళు కలిసి ఆమె మొహమంతా పాకాయి. కర్ర అలాగే పట్టుకుని ఆయాసపడుతూ అన్న వంక చూసింది.

"ఆగింది చూశావా? నువ్వు అబ్బా అన్నావు, నేను ఆపాను. ఇంతే అన్నా. ఇది చెయ్యడానికి ఎంతసేపు పట్టింది?"

పెద్దన్న మోచెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి చూశాడు. దుంగల కుప్ప పక్కన గుర్రం నిలబడి ఉంది. డాక్టరు, నుదుటి మీద రక్తంతో, తెగిన తాడు కొస పట్టుకుని దానితో ఏదో మెల్లగా చెబుతున్నాడు. కుడి ముందుకాలు కింద మట్టి తడిగా ఉంది. కాలు నేల మీదే ఉంది, బరువు మోస్తోంది. పొద్దింకా గూకలేదు.

"వేణ్ణీళ్ళు పెట్టు" అంది చెల్లెలు, కర్ర కింద పడేసి. "ఉప్పు దండిగా వెయ్యి. గిట్ట నానబెట్టాలి."

పెద్దన్న మంచి చేత్తో బకెట్టు తీసుకుని పొయ్యి వైపు నడిచాడు. చిన్నోడి గది ముందు కాసేపు ఆగి, లోపలికి చూసి, మళ్ళీ నడిచాడు.